అడగకముందే అందించే చెయ్యి

జూన్ 2, సోమవారం

పిల్లల డాక్టరు దగ్గర ఇచ్చిన కాగితంలో "మీ పాపకి ఎన్ని మాటలు వచ్చు?" అని ఒక ప్రశ్న, పక్కన చిన్న గడి. అంకె వెయ్యమంటే నేను "కొన్ని" అని అక్షరాల్లో రాసొచ్చాను. దారంతా సిగ్గేసింది. ఎవరికీ చూపించని చోటైనా నిజం రాసుకోవాలని ఈ పుస్తకం కొన్నాను. సున్నా. రెండేళ్ళ పది నెలల పిల్లకి సున్నా మాటలు. ఇంట్లో పిలిచే పేరు మాత్రం పిడుగు.

చెవులు బానే వినపడుతున్నాయి, పరీక్ష చేశారు. పక్కగదిలో చాక్లెట్ కాగితం చించితే పరిగెత్తుకొస్తుంది. చెప్పింది అర్థమవుతుంది. "నాన్న చెప్పులు తే" అంటే రెండూ తెస్తుంది, అదీ ఒకే జత. నోట్లోంచి మాటే రాదు. మాటలు నేర్పే టీచరమ్మకి ఖాళీ లేదట, జులై పన్నెండుకి రమ్మన్నారు. నలభై రోజులు.

నాకు భయం పట్టుకుంది పోయిన నెలలో. పిడుగు రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఊరికే నా భుజం మీద వాలిపోయి పడుకుంది. పళ్ళొస్తున్నాయేమో అన్నారు అత్తయ్య. ఎండ దెబ్బన్నారు మా ఆయన. మూడో రోజు దిండు మీద చీము చూశాను. చెవిలో పొరకి చిల్లు పడింది. పదకొండేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో నర్సుని. కన్నకూతురు రెండు రోజులు చెవిపోటుతో విలవిల్లాడుతుంటే నాకు తెలీలేదు. తగ్గిపోయింది, పొర మూసుకుంటోంది అన్నారు, సరే. మళ్ళీ ఎక్కడైనా నొప్పొస్తే? మళ్ళీ దిండు చూసే తెలుసుకోవాలా?

జూన్ 5, గురువారం

అక్క పంపిన పార్సిల్ వచ్చింది. చేపనూనె సీసా, ఏదో పొడి డబ్బా, ఎలుగుబంటి ఆకారంలో నమిలే బిళ్ళలు. మూడింటి మీదా నోరంతా తెరిచి నవ్వే పిల్లల బొమ్మలే.

ఫోన్ చేస్తే అక్క అంది: "ఒసేయ్, మా పక్కింటావిడ మనవడు ఇవి వాడి మూడు వారాల్లో గడగడా మాట్లాడేస్తున్నాడు. నువ్వేమో నర్సునని బిగుసుకుని కూర్చో."

"రుజువేంటక్కా?"

"రుజువు రోజూ మా గోడెక్కి నన్ను ఆంటీ అని పిలుస్తోంది. చాలా, ఇంకా కావాలా?"

తల్లుల గ్రూపులో కూడా చదివాను. నాలుగు వందల మెసేజీలు. పనిచెయ్యనివాళ్ళు మెసేజీ పెట్టరని నాకు తెలుసు. తెలిసీ మొత్తం చదివాను.

ఇంట్లో ఎవరికీ చెప్పను. మా ఆయనకి చెబితే బస్సంతా తెలుస్తుంది. ఆయన కండక్టరు మరి.

జూన్ 6

అర చెంచా నూనె, పెరుగులో కలిపి. తినేసింది. మూడింటినీ బీరువాలో తువ్వాళ్ళ వెనక పెట్టాను.

జూన్ 9, సోమవారం

"బ" అంది. లేక తేన్పా? తేన్పే అయ్యుంటుంది, చేపల వాసనొచ్చింది. అయినా "బ" అనే రాసుకుంటున్నాను.

జూన్ 11, బుధవారం

ఇవాళ థియేటర్లో మా పెద్ద సర్జన్ గారి పక్కన పని నేర్చుకునే డాక్టర్లు ఇద్దరున్నారు. ఆయన ఆపరేషన్ చేసేటప్పుడు తలెత్తరు, నోరు విప్పరు. చెయ్యి చాస్తారు, అంతే. అరచెయ్యి వెడల్పుగా తెరిస్తే పెద్ద కత్తెర. వేళ్ళు కాస్త ముడిస్తే పట్టకారు. బొటనవేలు కదిలిస్తే సూదీ దారం. ఆ చెయ్యి ఖాళీగా ఒక్క క్షణం గాల్లో ఉండకూడదు. పదకొండేళ్ళలో ఉండనివ్వలేదు.

కుట్లేస్తూ ఆ పిల్ల డాక్టర్లతో అన్నారు కదా: "చూశారా, ఈ సిస్టర్ పక్కనుంటే నాకు నోరక్కర్లేదు."

"ఈ ట్రైనింగేదో మా ఆయనకిప్పించు తల్లీ" అంది మత్తు డాక్టరమ్మ. అందరూ నవ్వారు. సాయంత్రం దాకా నా కాళ్ళు నేలమీద లేవు.

జూన్ 14, శనివారం

సెలవు. రోజంతా పిడుగుతోనే. లేవగానే చెయ్యి చాచింది, నీళ్ళ గ్లాసు పెట్టాను. ఎడమవైపు చాస్తే గుడ్డబొమ్మ. వేళ్ళాడిస్తే బిస్కెట్. మధ్యాహ్నం బాల్కనీ వైపు చూసి ఊరికే అలా కాలు కదిపింది, ఎత్తుకుని తీసికెళ్ళి కింద బస్సులు చూపించాను.

అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు. "మావాడికి ఆకలేస్తే వీధంతా వినపడేది. నీ కూతురికి ఆ శ్రమే లేదే అమ్మాయ్. మనసులో ఉన్నది లాగేస్తావు."

చెవిలో ఉన్నది లాగలేకపోయాను కదత్తయ్యా, అందామనుకుని ఊరుకున్నాను.

జూన్ 17

ముప్పావు చెంచా.

జూన్ 21, శనివారం

నిండు చెంచా. పొడి కూడా. బిళ్ళ ఒకటి.

"ఏమే, పిల్ల నోట్లోంచి చేపల మార్కెట్టు వాసనొస్తోందేంటి? నా బస్సులో కూడా ఇంత కొట్టదు" అన్నారు మా కండక్టరుగారు.

"కొత్త సబ్బు."

"నోటికి సబ్బేంటి?"

గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయాను. తోమిన గిన్నెలే.

జూన్ 25

కొత్తగా ఏం లేదు. తొంభై రోజులు పడుతుందని డబ్బా మీద ఉంది.

జూన్ 26

తొంభై రోజులని డబ్బా మీదే ఉంది కదా.

జూన్ 30, సోమవారం

విరేచనాలు. మూడుసార్లు. అరటిపండు పడలేదు.

జులై 1

అరటిపండే.

జులై 3

అరటిపండు మానేసి మూడ్రోజులైంది. తగ్గలేదు. పొడి కాస్త తగ్గించాను. కాస్తే.

జులై 6, ఆదివారం

మాట! మాట! మాట!

మొదట్నించీ రాస్తాను.

పెరుగు ముట్టడం మానేసింది (తెలివి నా పోలికే), అందుకని నాలుగు రోజులుగా నూనె నేరుగా చెంచాతోనే. ఇవాళ పొద్దున నోరు బిగించేసింది. నేను చెంచా దాని పెదాల ముందు పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి కదలకుండా పట్టుకోవడం నాకో లెక్కా? తల అటు తిప్పింది. ఇటు తిప్పింది. చెంచా అక్కడే ఉంది. నా ముంజేతిని తోసింది. అప్పుడు తిన్నగా నా కళ్ళల్లోకి చూసి,

"వద్దు" అంది.

స్పష్టంగా. గుండ్రంగా. "అత్తయ్యా!" అని నేను పెట్టిన కేకకి ఆవిడ పొయ్యి మీద పాలొదిలేసి వచ్చారు. ఆవిడ వినాలి కదా, ఇంకో చెంచా నింపి ముందు పెట్టాను. "వద్దు." స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని మా ఆయనొచ్చారు. ఇంకో చెంచా. "వద్దూ!" ఆయన కళ్ళు చెమర్చాయి. కంట్లో సబ్బు పడిందన్నారు. చెంచాలో ఏముందని ఎవరూ అడగలేదు. పాలు పొంగి పొయ్యంతా పాడైంది, దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

పనిచేసింది. ముప్పై రోజుల్లో పనిచేసింది! అక్కకి ఫోన్ చేశాను. "నే చెప్పలా?" అంది. ఎన్నిసార్లందో లెక్కలేదు.

ఒక చెంచాకి ఒక మాటొస్తే... మధ్యాహ్నం బుజ్జగించి, పాటలు పాడి రెండు చెంచాలు పట్టించాను. పైన రెండు బిళ్ళలు.

జులై 7, సోమవారం

నాలుగు వాంతులు. డ్యూటీకి సెలవు పెట్టాను. నా ఒళ్ళో వడిలిపోయి పడుకుంది.

తుడవడానికి తువ్వాలు తీయబోయి మా ఆయన సీసా, డబ్బాలు చూశారు. మూడూ తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. పొద్దున్నించి సాయంత్రం దాకా అరిచే మనిషి అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీ థియేటర్లో డాక్టరు చెప్పని మందు ఒక్క చుక్కయినా వేస్తావా?"

"వెయ్యను."

"మరి?"

అది మాట్లాడాలని, అన్నాను. మళ్ళీ నొప్పొస్తే నాకు చెప్పాలని. ఏడుపొచ్చేసింది.

ఆయన సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు. "చెప్పింది కదే" అన్నారు చివరికి. "పుట్టాక మొదటిసారి నోరు విప్పి చెప్పింది. మూడుసార్లు చెప్పింది. మనం చప్పట్లు కొట్టి, మళ్ళీ అదే పెట్టాం."

"మనం" అన్నారు. "నువ్వు" అనలేదు. ఆ మంచితనానికి ఇంకా కుమిలిపోయాను.

జులై 9, బుధవారం

మూడింటినీ సంచిలో వేసుకుని పిల్లల డాక్టరు దగ్గరికెళ్ళి దొంగలా ఒప్పుకున్నాను. ఆయన అద్దాలు పైకెత్తి చిన్నక్షరాలు చదివారు. పొడిలోనూ బిళ్ళలోనూ ఒకే విటమిన్ ఉందట, రెండువైపులా కలిసి ఎక్కువ పడుతోంది. చేపనూనె సీసా మీద బొమ్మ పక్కన కనిపించే ధీమా కింద చిన్నక్షరాల్లో లేదట. రక్తం పరీక్ష చేస్తే ఐరన్ తక్కువుంది. ఆ ఒక్క మందు రాసిచ్చి మిగతావి ఆపమన్నారు.

"తక్కువున్నది నింపుదాం. ఉన్నదాని మీద పోస్తే పొర్లిపోతుంది, అంతే. మాటలొచ్చే టానిక్కుంటే నేనే మొదట రాసేవాణ్ణి కదమ్మా."

ఏ మందిచ్చినా ముందు తనకి చెప్పమన్నారు. నేను నా రోగుల వాళ్ళకి రోజూ చెప్పే మాటే. తలూపాను.

జులై 12, శనివారం

మాటల టీచరమ్మ గది చిన్నది. నేల మీద చాప, బొమ్మల బుట్ట, బుడగలూదే సీసా. కుర్చీలో కూర్చుని రాసుకుంటూ, పాపతో ఇంట్లో ఎలా ఆడతారో అలాగే ఆడమన్నారు. పరీక్షలంటే నాకు సరదా. అద్భుతంగా ఆడాను. బంతి, బ్లాకు, బుడగ, పిడుగుకి ఏం కావాలంటే అది చేతిలో పడింది.

ఆవిడ కాగితం నాకు చూపించారు. "ఇరవై నిమిషాల్లో పాప పదిహేడుసార్లు చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఎన్నిసార్లు ఖాళీగా ఉండిపోయిందో తెలుసా?"

"ఒక్కసారీ లేదండి" అన్నాను. గర్వంగా అన్నాను, దేవుడా!

"మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పాను. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఆపుకున్నారు. తర్వాత నా పక్కన చాప మీదికి వచ్చి కూర్చున్నారు. "ముందొక సంగతి. దీనికి మాట ఆలస్యమవడం మీ వల్ల కాదు. కొందరు పిల్లలకి అంతే, ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. ఇది మనసులో పెట్టుకోండి. రెండోది, వచ్చిందని మీరు చెప్పిన ఆ ఒక్క మాటా ఎప్పుడొచ్చింది?"

చెంచా కథ మొత్తం చెప్పాను, వాంతులతో సహా.

"చెంచా పట్టుకుని ఎంతసేపు ఆగారు?"

"నిమిషం ఉంటుందేమో."

"అంతసేపు దానికోసం మీరెప్పుడైనా ఆగారా?"

ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. అది అడగాల్సింది మా ఇంట్లో ఏమీ లేదు. వద్దనాల్సింది ఒక్కటే ఉంది, ఆ కంపు నూనె. ఒక్కసారి చోటిస్తే అది నోరు తెరిచింది, నేనేమో ఆ మాట నూనె ఖాతాలో వేశాను.

ఇంటి పని ఇచ్చారు. పిడుగు చెయ్యి చాస్తే వస్తువు దాని కళ్ళ ముందు పట్టుకుని, పేరు ఒక్కసారి చెప్పి, మనసులో పది లెక్కపెట్టాలి. శబ్దం చేసినా, ప్రయత్నం చేసినా ఇచ్చెయ్యాలి. ఏడిపించకూడదు. ఆగాలి, అంతే.

"అంతే" అట!

జులై 14, సోమవారం

నా మొహం మండా. ఆపరేషన్ అయిపోవచ్చింది, పైన చర్మానికి కుట్లు. పెద్ద సర్జన్ గారు చెయ్యి చాచారు. నేను కత్తెర తీసుకుని ఆయన ముందు పట్టుకుని... ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆయన తలెత్తారు.

"కత్తెర" అన్నారు.

మత్తు డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది: "హమ్మయ్య, సారుకి మాటలొచ్చాయి!"

ఆయన కూడా నవ్వారు. తర్వాత చేతులు కడుక్కుంటూ ఒంట్లో బాగాలేదా సిస్టర్ అని అడిగారు. చెప్పాను. "ఇక్కడ మాత్రం వద్దు, ఇంటి దగ్గర లెక్కపెట్టండి" అన్నారు.

జులై 16

నాలుగు దాకా ఆగాను. ఏడ్చింది. ఇచ్చేశాను.

జులై 17

మూడు.

జులై 20, ఆదివారం

ఆరు! అత్తయ్య ఒప్పుకోవడం లేదు. "నీళ్ళ కోసం పిల్లని నిలబెట్టి ఏడిపిస్తావా? గుండె రాయి చేసుకున్నావే" అన్నారు. నిజంగానే పాపిష్టిదాన్నేమో అనిపిస్తోంది. ఖాళీగా ఉన్న ఆ చిన్న అరచెయ్యి చూస్తుంటే నా వేళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంటున్నాను.

జులై 24, గురువారం

తొమ్మిది దగ్గర "పా" అంది. పాలు. గ్లాసు చేతికిచ్చేసి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

అత్తయ్య చూస్తూ నిలబడ్డారు. సాయంత్రం నేనొచ్చేసరికి ఆవిడే బిస్కెట్ పట్టుకుని నేల మీద కూర్చుని వేళ్ళు మడుస్తున్నారు. "మాట్లాడించకు, ఎనిమిది దగ్గరున్నాను" అన్నారు.

జులై 29

ఐరన్ మందు వల్లేనేమో ఇదంతా. ఇంకో నాలుగు చుక్కలు... లేదు. లేదు లేదు లేదు. రాసిచ్చినంతే. అక్క ఇంకో పార్సిల్ పంపుతానంది. "వద్దు" అన్నాను. మా ఇంట్లో ఆ మాట బాగా నడుస్తోందిప్పుడు.

ఆగస్టు 5, మంగళవారం

ఇయ్యి. పా. బాల్. పో. వద్దు. ఇంకా ఘోరం వినండి: మా ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే "రై రై!" అంటుంది. ఆయన బస్సులో "రైట్ రైట్" అని అరిచేది బాల్కనీలోంచి విని నేర్చింది. మా కండక్టరుగారి పొగరు చూడలేకపోతున్నాం. నాన్నకి పేరుంది, నేను పిలిచేది విని అత్తయ్యకి కూడా "త్త" అని పెట్టింది. తొమ్మిది నెలలు మోసిన నాకేమీ లేదు.

ఆగస్టు 16, శనివారం

టీచరమ్మ దగ్గర మళ్ళీ "ఎన్ని మాటలు వచ్చు?" అనే కాగితమే. గడిలో అంకె వేశాను. పందొమ్మిది.

నన్ను పిలవడం లేదని పిల్లలా ఫిర్యాదు చేశాను. ఆవిడ నవ్వారు. "దూరంగా ఉన్నవాళ్ళని పిలుస్తారమ్మా. మీరు దాని చేతికి అంగుళం దూరంలో ఉంటారు. పిలిచే పని ఎప్పుడిచ్చారు?"

ఇంకా చాలా దూరం ఉందని కూడా చెప్పారు. ఈ వయసుకి రెండేసి మాటలు కలపాలట, ఇది ఇంకా కలపడం లేదు. ఏడాది పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. ఆశ్చర్యం, నాకు ఏడుపు రాలేదు. ఏడాదికి ఎన్ని పదులో లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆగస్టు 26, మంగళవారం

పొద్దున ఏడింటికి డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాను. పిడుగు గదిలోంచి వచ్చింది. జుట్టంతా రేగిపోయి ఉంది. రోజూలా చెయ్యి చాచలేదు. హాలు అవతలి కొసనే ఆగింది.

"అమ్మా" అంది.

సగం తొడిగిన చెప్పుతోనే ఉండిపోయాను. ఎత్తుకుని ఇల్లంతా తిరగాలనిపించింది. కానీ దాని మొహం బాగాలేదు. వెళ్ళి దాని ముందు కూర్చున్నాను.

"అమ్మా. నొప్పి."

"ఎక్కడ నాన్నా?"

నాకు కనిపిస్తూనే ఉంది, చెయ్యి ఎడమ చెవి మీద ఉంది. అయినా అడిగి, ఆగాను. లెక్కపెట్టలేదు.

"చెవి" అంది.

సర్జన్ గారికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. మా ఆయన డ్యూటీ ఎక్కిన మొదటి ట్రిప్పు బస్సులోనే మేమూ ఎక్కాం. పిల్లల డాక్టరు చెవిలో లైటు వేసి చూశారు. రెండోసారి చూశారు. ఒళ్ళు పట్టుకుని చూశారు.

"జ్వరం కూడా రాలేదింకా. ఇప్పుడిప్పుడే ఎర్రబడుతోంది, మందుకి తగ్గిపోతుంది, చిల్లు గిల్లు ఏమీ ఉండదు. ఇంత ముందుగా ఎలా కనిపెట్టారమ్మా? ఎంతైనా నర్సు కళ్ళు."

"నేను కనిపెట్టలేదండీ" అన్నాను. "నాకసలు తెలీనే తెలీదు. ఇదే వచ్చి నాకు చెప్పింది."